గుండిగ దిగే తలుపు

నందిగామలోని ఆ పాతబండ్ల షెడ్డుకి పరిమళ రావడం వారంలో అది మూడోసారి. హైవే పక్కన రేకుల కింద పదిహేను బండ్ల దాకా ఉన్నా, ఆమె చూసేవి మూడే. ఆ మూడింటినీ కూడా ముందు నుంచి చూసింది లేదు. వచ్చీ రాగానే నేరుగా వెనక్కి వెళ్ళి, సంచిలోంచి బట్టలు కొలిచే టేపు తీసి, తలుపు తెరిపించేది.

ముందు ఇంజిను చూసుకోరా అని షెడ్డు యజమాని భవానీప్రసాద్ మొదటిరోజే అడిగాడు. అది నాన్న చూసుకుంటాడని చెప్పింది. జగ్గయ్యపేటలో బియ్యం హోల్‌సేలు కొట్టువాళ్ళ వ్యాను ఇరవై ఏళ్ళుగా నడుపుతున్న వాళ్ళ నాన్న సొలొమోను భవానీప్రసాద్‌కి బాగా తెలిసిన మనిషే. అందుకని ఆ తర్వాత ఏం కొలుచుకున్నా అడ్డు చెప్పలేదు. టీ మాత్రం తెప్పించేవాడు.

పరిమళ కొలిచేది వాళ్ళమ్మ బేబి కోసం. బేబి, ఆమె ఆడపడుచు సూసన్ కలిసి పన్నెండేళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళలో ప్రేమవిందులకీ గృహప్రతిష్ఠలకీ పెళ్ళిళ్ళకీ బిర్యానీ వండుతున్నారు. వంట ఇంటి దగ్గరే. గుండిగ మూత చుట్టూ పిండి అంటించి దమ్ముకి పెట్టి, అయ్యాక ఆ పిండి ఊడకుండా అలాగే బండెక్కించి తీసుకెళతారు. అక్కడ, పంక్తి కూర్చున్నాక, బేబి చాకుతో పిండి కోసి మూత తీస్తుంది. ఆవిరి గుప్పున లేస్తుంది. మాట్లాడుకుంటున్నవాళ్ళు ఒక్క క్షణం ఆగి అటు తిరుగుతారు. బేబి తలెత్తి ఎవరినీ చూడదు గానీ, ఆ ఒక్క క్షణం కోసమే ఆమె తెల్లవారుజామున లేచి కట్టెలు పేర్చుకుంటుందని పరిమళకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

గుండిగని మోసేది కూడా వాళ్ళిద్దరే. రెండు వైపులా ఉన్న కడియాలకి తాడు కట్టి, తాడులో వెదురు బొంగు దూర్చి, చెరో కొసా పట్టుకుని లేపుతారు. మూడో చెయ్యి పడనివ్వరు. మూడో మనిషి పడితే ఎవరి బలం వాళ్ళు చూపిస్తారని, గుండిగ ఒరుగుతుందని, ఒరిగితే పిండి పగులుతుందని సూసన్ అంటుంది. వాళ్ళిద్దరి అడుగూ ఒకటే. ఒకరు ఊపిరి పీలిస్తే రెండోవాళ్ళు లేపుతారు.

పోయిన ఎండాకాలం అద్దెకి తెచ్చుకున్న ట్రాలీవాడు, గుండిగ పూర్తిగా దిగకముందే బండి కదిలించాడు. బేబి మణికట్టు మడతపడి నెలరోజులు కట్టుతో ఉంది. సొలొమోను కోప్పడే మనిషి కాదు. కట్టు విప్పిన రోజున భోజనాల దగ్గర నింపాదిగా చెప్పాడు. ఇంటికీ పనికీ పనికొచ్చే బండి ఒకటి కొందామన్నాడు. అయితే అందులోకి గుండిగ ఎక్కించేదీ దించేదీ వాళ్ళిద్దరే అయ్యుండాలి, ఒకరి దయ మీద ఆధారపడకూడదు, అలాంటి బండి దొరక్కపోతే బయటి వంటలు ఈ ఏటితో చాలు అన్నాడు. బేబి సరేనంది. కంచం కడుక్కుని వచ్చి కూతురితో, "చదువుకున్నదానివి. నువ్వే చూడు" అంది.

ఆ ఇంట్లో డిగ్రీ చదివింది పరిమళ ఒక్కతే. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. రేషన్ కార్డు దగ్గర్నుంచి ఇన్సూరెన్సు దాకా ఇంట్లో ఏ కాగితమైనా ఆమె చేతి మీదుగానే పోవాలి. ఇది కూడా అలాంటి పనే అనుకుంది. కొత్త నోటుబుక్కు తీసి, ఒక్కో బండికి రెండేసి పేజీలు వదిలి, గీతలు కొట్టుకుంది.

మొదటిది తెల్లబండి. దాని వెనక తలుపు బీరువా తలుపులా పక్కకి తెరుచుకుంటుంది. తలుపు మీద స్టెపినీ టైరు. సొలొమోనుకి అదే నచ్చింది, వెనక టైరు తగిలించుకుని ఉంటేనే బండి బండిలా ఉంటుందని ఆయన నమ్మకం. కానీ ఆ తలుపు పూర్తిగా తెరుచుకోవాలంటే వెనక నిలువెత్తు మనిషి పడుకునేంత జాగా కావాలి. జగ్గయ్యపేటలో వాళ్ళ సందులో అయితే అది సగం తెరుచుకుని ఎదురింటి గోడకి కొట్టుకుంటుంది. పైగా తలుపున్న వైపు మనిషి నిలబడడానికి కుదరదు. ఇద్దరు మోసే గుండిగకి ఒక పక్క మూసుకుపోతే ఎలా? కొట్టేసింది.

రెండోది వెండిరంగు బండి. తలుపు మొత్తం పైకి లేస్తుంది. లేచాక నెత్తిమీద చూరులా ఉంటుంది, వాన పడినా కింద నిలబడొచ్చు. కానీ దాని అంచు పరిమళకే మునివేళ్ళ మీద లేస్తే గానీ అందలేదు. అమ్మ తనకన్నా జానెడు పొట్టి, అత్త ఇంకా పొట్టి. శామియానా కింద అయితే గుడ్డకి తగులుకుంటుంది కూడా. దాన్నీ కొట్టేసింది.

మూడోది మెరూన్ బండి, ఏదో ఫారిన్ కంపెనీది. తలుపు రెండు ముక్కలు. అద్దం ఉన్న సగం పైకి పోతుంది, కింది సగం బల్లలా పడుతుంది. భవానీప్రసాద్ ఆ బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపి చూపించాడు. "తొంభై కేజీలున్నానమ్మా నేను. నన్ను మోస్తే మీ గుండిగని మొయ్యదా?" అన్నాడు. గుండిగని ముందు బల్ల మీద ఆనించి, ఆ తర్వాత లోపలికి తోసుకోవచ్చు. దించేటప్పుడు గిన్నెలు పెట్టుకోవడానికి బల్ల ఎటూ ఉంది. రెండోసారి వచ్చినప్పుడు పరిమళ ఖాళీ గుండిగని ఆటోలో వేసుకొచ్చి, షెడ్డు పనివాడితో కలిసి ఎక్కించి చూసింది. నూనె రాసినట్టు జారి లోపలికి పోయింది. టిక్కు పెట్టుకుంది.

మూడోసారి వచ్చింది, కొనేముందు ఒక్కరోజు బండి ఇస్తారా అని అడగడానికి. శనివారం పెనుగంచిప్రోలులో రత్నబాబు అనే టీచరుగారి కొత్తింటి గృహప్రతిష్ఠ ఉంది, ఎనభైమందికి వంట. భవానీప్రసాద్ కాసేపు ఆలోచించి, సొలొమోను స్టీరింగు పట్టుకుంటానంటే తనకి భయం లేదని, సోమవారం తెచ్చిస్తే చాలని అన్నాడు.

శనివారం పొద్దున ఎక్కించడం పండగలా జరిగింది. బేబీ సూసనూ గుండిగని తెచ్చి బల్ల మీద ఆనించారు, తాడు సర్దారు, ఇద్దరూ ఒకేసారి తోశారు. అది లోపలికి జారుతుంటే సూసన్ బల్లని చేత్తో తట్టి, "వదినా, అరుగులా ఉందే ఇది. మనిద్దరం దీని మీదే కూర్చుని కబుర్లు చెప్పుకుంటా పోవచ్చు" అంది. వెనక సీట్లన్నీ మడిచే ఉన్నాయి. స్పీడు బ్రేకర్ల దగ్గర కదలకుండా గుండిగని ఎప్పుడూ బండి ముందు కొసకి, డ్రైవరు వెనక ఆనించి, చుట్టూ తడి గోనెసంచులు కూరడం బేబి అలవాటు. ఆ రోజూ బల్లెక్కి లోపలికి దూరి, ముందు సీట్ల వీపుకి ఆనించి అలాగే చేసింది. వెనక కూర్చునే చోటు లేక సూసనూ పరిమళా ఆటోలో బయల్దేరారు. పరిమళ నోటుబుక్కు ఇంట్లోనే వదిలేసింది. ఇంక దాంతో పనిలేదనుకుంది.

పెనుగంచిప్రోలులో ప్రార్థన అయిపోవస్తుండగా చేరారు. ఇంటి ముందు వేసిన పందిట్లో అప్పుడే ఆకులు వేస్తున్నారు. సొలొమోను బండిని వెనక్కి పెట్టి ఆపాడు. పరిమళ వెళ్ళి బల్ల దించింది. బేబి ముందుకు వచ్చి తాడు కోసం చెయ్యి చాచింది.

చెయ్యి అందలేదు. ఇంకాస్త వంగింది. బల్ల అంచు కడుపుకి నొక్కుకుంది. వేళ్ళకీ తాడుకీ మధ్య ఇంకా రెండు మూరల దాకా దూరం ఉంది. ట్రాలీలో అయితే పక్క చెక్కలు కూడా పడేవి, ఎటునుంచి అయినా చెయ్యి పెట్టొచ్చు. ఇక్కడ పక్క తలుపుల్లోంచి గుండిగ రాదు, ఈ బల్ల ఒక్కటే దారి, ఆ బల్లే అడ్డం. బేబి ఒక పక్కకి వచ్చి ఒంటిచేత్తో ప్రయత్నించింది. సూసన్ రెండో పక్కకి వెళ్ళింది. ఇద్దరికీ సంచుల కొసలు అందాయి గానీ కడియాలు అందలేదు. బేబి చీర కుచ్చిళ్ళు దోపుకుని బల్ల మీద మోకాలు ఆనించింది. పందిట్లో ఉన్న వాళ్ళంతా చూస్తున్నారని గుర్తొచ్చినట్టుంది, మళ్ళీ దింపేసింది.

అప్పటికే రత్నబాబు బావమరిదీ మరో ముగ్గురూ చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చారు. "జరగండమ్మా, మీ వల్ల ఏమవుద్ది. ఇట్టాంటివి మాకొదిలెయ్యండి" అన్నాడు బావమరిది. మంచిమనసుతోనే అన్నాడు. ఒకడు బల్లెక్కి లోపలికి దూరాడు. వద్దు వద్దని సూసన్ అంటూనే ఉంది. నలుగురూ నాలుగు వైపులకి లాగారు. గుండిగ ఒక పక్కకి ఒరిగింది, మూత చుట్టూ పిండి జానెడు మేర పగిలింది, ఆవిరి సన్నగా కారడం మొదలెట్టింది. గుండిగ పందిరి చేరి, పంక్తి కూర్చుని, బేబి చాకు పెట్టి మూత తీసేసరికి పైకి లేవడానికి ఆవిరి ఏమీ మిగల్లేదు. ఎవరూ అటు తిరగలేదు.

బిర్యానీ బాగానే ఉంది. అందరూ బాగుందనే అన్నారు. రత్నబాబు చేతులు పట్టుకుని మరీ చెప్పాడు. బేబి అందరికీ వడ్డించింది. తను మాత్రం తినలేదు.

తిరుగుప్రయాణంలో మిరపతోటలు దాటారు. సొలొమోను, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "పేరు బాగున్నప్పుడే ఆపెయ్యడం మంచిది బేబీ" అన్నాడు. బేబి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. వచ్చే నెల వత్సవాయిలో ఒక పెళ్ళికి అడిగారు. వాళ్ళకి ఇంకా ఏ మాటా చెప్పలేదు. ఇప్పుడు ఏం చెప్పాలో తేలిపోయినట్టే ఉంది.

వెనక ఖాళీ గుండిగ పక్కన కూర్చున్న పరిమళ పందిట్లో జరిగింది మళ్ళీ గుర్తుచేసుకుంది. అమ్మ చేతకానిదానిలా నలుగురి ముందు నిలబడింది. అలా నిలబెట్టింది తను. స్కూల్లో పిల్లలు లెక్క తప్పు చేస్తే ఎక్కడ తప్పారో బోర్డు మీద రాయమంటుంది. ఇప్పుడు తను నోరు విప్పకపోతే ఆ తప్పు అమ్మ లెక్కలోకి పోతుంది.

"నాన్నా, అమ్మ తప్పేం లేదు. నాదే తప్పు" అంది. "ఎక్కించడమే చూసా. దించడం చూళ్ళేదు. అదీ ఖాళీ గుండిగతో, నా చేతుల్తో."

సొలొమోను అద్దంలోంచి ఆమె వంక చూశాడు.

"సోమవారం బండి తిరిగిచ్చేయాలిగా. అప్పుడు అమ్మనీ అత్తనీ కూడా తీసుకెళ్దాం. ఒక్కసారి."

ఊరు దగ్గరపడ్డాక ఆయన, ఒక్కసారంటే ఒక్కసారే అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పరిమళ వాళ్ళమ్మని వంటింటి గట్టుకి ఆనించి నిలబెట్టి, ముందుకి వంగమంది. నడుం దగ్గర్నుంచి వేలికొస దాకా టేపు పట్టింది. బేబి నవ్వింది. "ఏందే, జాకెట్టు కుట్టిస్తావా?" అంది. వచ్చిన అంకెని పరిమళ నోటుబుక్కులో మెరూన్ బండి పేజీలో బల్ల పొడవు పక్కన రాసింది. అమ్మ చెయ్యి అరవై సెంటీమీటర్లు. బల్ల యాభై. ఆ బల్ల అమ్మ చేతినంతా తనే తినేసి, లోపలికి ఒక్క బెత్తెడు మిగిల్చింది. గుండిగ కూర్చున్నది బల్లకి అవతల మూడడుగుల దూరంలో. వారం రోజులుగా బండ్లని మాత్రమే కొలిచి, ఈ అంకె లేకుండా టిక్కు పెట్టింది తను.

"అమ్మా, నీకే తలుపు కావాలి?" అని అడిగింది.

బేబి కాసేపు టేపు వంక చూసింది. "నన్నెవరడిగారు ఇప్పటిదాకా? నేనే వచ్చి చూసుకుంటాలే" అంది.

సోమవారం పరిమళ స్కూలుకి సెలవు పెట్టింది. నలుగురూ గుండిగతో సహా నందిగామ వెళ్ళారు. బేబి కాగితంలో చుట్టి పిండిముద్ద కూడా తెచ్చుకుంది. షెడ్డు కుళాయి దగ్గర బకెట్లతో గుండిగలో సగం దాకా నీళ్ళు పోయించి, మూత పెట్టి, పిండి అంటించింది. భవానీప్రసాద్ కుర్చీ బయటికి తెచ్చుకుని కూర్చున్నాడు. ఇలాంటి బేరం ఆయన ఎప్పుడూ చూసి ఉండడు.

బేబి తెల్లబండి తలుపు తెరిచి, అది ఎంతదూరం వస్తుందో చూసి, మూసేసింది. మొగుడి వంక చూసి, "టైరు బానే ఉందిలెండి" అంది. సూసన్ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెరూన్ బండి దగ్గర ఆగనే లేదు. వెండిరంగు బండి తలుపు తెరవమంది. అది పైకి లేచింది. బేబి వెళ్ళి దాని కింద నిలబడింది. నడుము వచ్చి బంపరుకి తగిలింది. చేతులు చాచింది. రెండు అరచేతులూ లోపల నేల మీద ఆనాయి. వెనక సీటు ఒక్కటే మడిచి, మధ్య సీటుని గోడలా నిలబెట్టమంది. మళ్ళీ చేతులు చాచి చూసుకుంది. గుండిగ ముందు సీట్ల దాకా పోనక్కర్లేదు, ఈ గోడకి ఆనితే చాలు. ట్రాలీల అలవాటు ఇక్కడ అక్కర్లేదని ఆమెకి ఆమే చెప్పుకుంటున్నట్టు తలూపింది.

ఆ తలుపు మూయడానికి ఆమెకి అందదని, వాళ్ళమ్మాయే అలా రాసుకుందని భవానీప్రసాద్ గుర్తుచేశాడు. పరిమళ నేల చూపులు చూసింది.

"అందకపోతే అందేట్టు చేసుకోవాలిగానీ, అందలేదని మానేసుకుంటామా బాబూ" అంది బేబి. తలుపు లోపలి వైపు చెయ్యిపట్టుకునే పిడి ఉంటుంది. పనివాడి చేత స్టూలెక్కించి దానికి గోనె కుట్టే పురికొసని నాలుగు పేటలు వేయించి కట్టించింది. కొస ఆమె భుజం దాకా వేలాడింది. పట్టుకుని లాగింది. తలుపు మెత్తగా దిగి టక్కున పడింది. సూసన్ తెరిచి తనూ లాగింది. ఇంకోసారి లాగింది. ఆటబొమ్మ దొరికినట్టు మూడోసారి కూడా లాగబోతుంటే బేబి చేతిమీద కొట్టింది.

"మరి శామియానా?" అని అడిగింది పరిమళ, తను రాసుకున్నదాంట్లో మిగిలింది అదొక్కటే కాబట్టి.

"బయట ఆపి మోసుకుపోతాం. మీ అమ్మకీ నాకూ నడక కొత్తా?" అంది సూసన్.

ఇద్దరూ బొంగు దూర్చారు. ఊపిరి పీల్చారు. గుండిగ లేచింది, బంపరు మీద ఆనింది, బొంగు తీశారు, నాలుగు చేతులు తోశాయి. సీటు వీపుకి ఆనింది. గోనెసంచులు కూరారు. సొలొమోను ఎక్కి, బండిని హైవే దిగి ఊళ్ళోకి తీసుకెళ్ళాడు. ఆయన మంచి రోడ్డు ఎంచుకోలేదు. గుంటలున్న సందులు వెతికి వెతికి తిప్పాడు. స్పీడు బ్రేకర్ల దగ్గర నిదానించనూ లేదు. వెనక్కి వచ్చి ఆపేసరికి పావుగంట పట్టింది.

తలుపు పైకి లేచింది. బేబి బంపరుకి ఆనుకుని వంగింది. తాడు అందింది. సూసన్ రెండో కడియం పట్టుకుంది. అంచు దాకా లాక్కొచ్చి బొంగు దూర్చారు. గుండిగ గాల్లోకి రాగానే ఒక్క క్షణం బేబి మణికట్టు వణికింది. సొలొమోను చెయ్యి దానంతట అదే ముందుకి వచ్చింది.

"చెయ్యి తియ్యండి" అంది బేబి. గట్టిగా కూడా అనలేదు.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు. వాళ్ళిద్దరూ రెండు అడుగులు వెనక్కి, ఒకటి పక్కకి వేశారు, మోకాళ్ళు వంగాయి, గుండిగ చప్పుడు లేకుండా నేల మీద కూర్చుంది.

సొలొమోను దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. పిండి చుట్టూ ఒక వైపు నుంచి మొదలెట్టి మళ్ళీ అదే వైపుకి వచ్చేదాకా చూశాడు. ముట్టుకోలేదు. పరిమళ ఆయన మొహం చూస్తూ నిలబడింది. ఆమె పేపర్లు దిద్దేటప్పుడు ఎలా చూస్తుందో ఆయన అలా చూస్తున్నాడు. తప్పు దొరకాలని కాదు, లేదని తేల్చుకోవాలని.

లేచి, పంచె దులుపుకున్నాడు.

"వత్సవాయి వాళ్ళకి ఏమని చెప్పావు?" అని అడిగాడు.

"ఏం చెప్పలేదు."

"వస్తామని చెప్పు మరి."

బేబి తలూపింది. నీళ్ళు ఒంపేద్దామని ఆయన గుండిగ అంచు మీద చెయ్యి వేయబోతే ఆపింది. ఈసారి తను ఎడమ పక్కకి, సూసన్ కుడి పక్కకి మారి చూడాలంది. మణికట్టు నొప్పిపెట్టిన రోజున అలా పట్టుకోవాల్సి రావచ్చు. సూసన్ గొణుక్కుంటూనే పక్కకి మారింది. సొలొమోను జరిగి వాళ్ళకి దారి ఇచ్చాడు.

పరిమళ నోటుబుక్కు తెరిచింది, కలం తీసింది, మళ్ళీ మూసేసింది. వాళ్ళిద్దరూ ఊపిరి పీల్చే చప్పుడు విని, తను కూడా ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయింది.